మోర్స్ నడిచిన వీధులు

పాఠ్యభాగ పరిచయం: ఈ పాఠం యాత్రావ్యాస ప్రక్రియకు చెందినది. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో ఒక టెలివిజన్ ధారావాహిక చిత్రీకరణ జరిగిన స్థలాలను చూస్తూ, 2019 జూన్‌లో రచయిత తన కుమార్తెతో గడిపిన ఒక రోజు వృత్తాంతం ఇందులో ఉంది.

కావ్యంలో పుట్టిన స్థలాన్ని భూమి మీద వెతుక్కోవడం మనిషికి చాలా పాత అలవాటు. కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడు శాపకాలాన్ని గడిపిన రామగిరి, నాగపూర్ సమీపంలోని రామ్‌టెక్ కొండేనని పండితులు పలువురు భావించారు. అక్కడ కాళిదాసుకు స్మారకమందిరం కూడా వెలసింది. యక్షుడు కవి కల్పన, కొండ మాత్రం యథార్థం. అయినా ఆషాఢమాసంలో ఆ కొండ ఎక్కినవాడికి ఆకాశంలోని మబ్బు వట్టి మబ్బుగా కనిపించదు.

ఈ మాటను నేను ఎన్నో ఏళ్ళుగా తరగతిలో చెబుతూ వచ్చాను. అదే మాట టెలివిజన్ ధారావాహికకు కూడా వర్తిస్తుందని అంగీకరించడానికి మాత్రం నా మనస్సు చాలాకాలం ఒప్పుకోలేదు. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసినవాడికి ఉండే అహంకారం నాకూ ఉంది. సాయంకాలం ఇంట్లో ధారావాహిక మొదలైతే పుస్తకం తీసుకొని వసారాలోకి వెళ్ళిపోయేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు ఏ పాత్ర కోసం కన్నీరు పెడుతున్నారో ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు.

మా అమ్మాయి 2018 సెప్టెంబరులో ఉన్నత విద్య కోసం ఇంగ్లండులోని రెడింగ్ పట్టణానికి వెళ్ళింది. ఒక వృద్ధురాలి ఇంట్లో గది అద్దెకు తీసుకొని ఉండేది. వారానికి రెండుసార్లు ఫోను చేసేది. ఎప్పుడు అడిగినా “బాగున్నాను నాన్నా” అనేది. మరుసటి సంవత్సరం జూన్‌లో కళాశాలకు వేసవి సెలవులు ఉండడంతో పది రోజులు ఆమె దగ్గర గడపడానికి వెళ్ళాను. లండన్‌లోని గ్రంథాలయాలు, వస్తు ప్రదర్శనశాలలు చూడాలని నా కోరిక. అమ్మాయి మాత్రం అందులో ఒక రోజు తనకు ఇవ్వమన్నది.

“ఎక్కడికమ్మా?” అని అడిగాను.

“ఆక్స్‌ఫర్డ్‌కు నాన్నా” అన్నది. నేను సంతోషించాను. విశ్వవిద్యాలయం చూపిస్తుందనుకున్నాను. అప్పుడు ఇంటి యజమానురాలు వంటగదిలోంచి ఒక కాగితం తెచ్చి అమ్మాయి చేతిలో పెట్టింది. వణికే చేతితో రాసిన పది పన్నెండు స్థలాల పేర్లు అందులో ఉన్నాయి. అవి ఏవో పుణ్యక్షేత్రాల పేర్లన్నంత శ్రద్ధగా రాసి ఉన్నాయి. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆమె రాలేదు. తన బదులు అమ్మాయి చూసి రావాలి. అవన్నీ ‘ఇన్‌స్పెక్టర్ మోర్స్’ అనే ధారావాహికలో కనిపించే స్థలాలని అప్పుడు తెలిసింది. నా ముఖం చిన్నబోవడం అమ్మాయి గమనించింది కానీ ఏమీ అనలేదు.

మరునాడు రైలులో, నా అజ్ఞానాన్ని పోగొట్టే బాధ్యత ఆమె తీసుకున్నది. మోర్స్ ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసే పోలీసు అధికారి. నిజమైన మనిషి కాడు. కోలిన్ డెక్స్‌టర్ అనే రచయిత సృష్టించిన పాత్ర. డెక్స్‌టర్ రాసిన పదమూడు మోర్స్ నవలల్లో మొదటిది 1975లోను, చివరిది 1999లోను వెలువడ్డాయి. ఐటీవీ వారు ప్రసారం చేసిన ధారావాహిక 1987 జనవరి 6న మొదలై 2000 నవంబరు 15న ముగిసింది. పద్నాలుగేళ్ళలో వచ్చినవి ముప్పైమూడు భాగాలే. ఒక్కొక్కటి ఒక చలనచిత్రమంత నిడివి గలది. మోర్స్‌గా నటించినవాడు జాన్ థా. అతని సహాయకుడు లూయిస్‌గా కెవిన్ వాట్లీ నటించాడు. మోర్స్‌కు ఎర్రని పాత జాగ్వార్ కారు, శాస్త్రీయ సంగీతం, గళ్ళనుడికట్టు అంటే ప్రాణం. పెళ్ళి లేదు. ప్రేమించిన ప్రతి స్త్రీ ఏదో ఒక విధంగా దూరమవుతుంది. అన్నింటికంటె నన్ను ఆకర్షించిన సంగతి మరొకటి. అతడు యౌవనంలో ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతూ, ప్రేమ విఫలమై, పట్టా పొందకుండానే విశ్వవిద్యాలయం విడిచిపోయినవాడు. ఆ రాతిగోడల మధ్యకే పోలీసుగా తిరిగివచ్చి జీవితమంతా గడిపాడు.

డెక్స్‌టర్ గురించి విన్నప్పుడు నా అలక ఇంకొంత తగ్గింది. ఆయన లాటిన్, గ్రీకు భాషలు బోధించిన ఉపాధ్యాయుడు. వినికిడి శక్తి క్షీణించడం వల్ల 1966లో బోధన మానుకొని ఆక్స్‌ఫర్డ్‌కు వచ్చాడు. అక్కడ పాఠశాల విద్యార్థులకు పరీక్షలు నిర్వహించే విశ్వవిద్యాలయ విభాగంలో చేరి, పదవీ విరమణ వరకు పనిచేశాడు. ప్రాచీన భాషల పంతులు, పైగా పరీక్షల పని! ఇంటర్మీడియట్ జవాబుపత్రాలు దిద్దే నాకు ఆయన ఒక్కసారిగా దగ్గరి చుట్టమైపోయాడు. తన కథలు తెరకెక్కినప్పుడు దాదాపు ప్రతి భాగంలోనూ ఆయన ఒక్క క్షణం ఏ బాటసారిగానో కనిపించి మాయమవుతాడట. 2017లో ఆయన మరణించాడు.

1987 జనవరి అనగానే నాకు వేరొక జ్ఞాపకం వచ్చింది. అదే నెల 25న దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘రామాయణం’ ప్రారంభమైంది. నేను అప్పుడు విద్యార్థిని. ఆదివారం ఉదయం మా వీధి నిర్మానుష్యమయ్యేది. పక్కింటి అవ్వ టెలివిజన్‌కు పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టేది. ఆ చిత్రీకరణ గుజరాత్‌లోని ఉంబర్‌గావ్‌లో జరిగింది. అవ్వకు ఆ సంగతి తెలిసి ఉంటే అయోధ్యకు బదులు అక్కడికే ప్రయాణం కట్టి ఉండేదేమో! రెండు దేశాల్లో, ఒకే నెలలో, జనం రెండు వేర్వేరు కథల ముందు కూర్చున్నారు.

ఆక్స్‌ఫర్డ్ స్టేషన్ నుండి కాలినడకన జెరికో అనే పేటకు చేరుకున్నాం. కాలువ ఒడ్డున ఇటుక ఇళ్ళ వరుసలు. సమీపంలోని విశ్వవిద్యాలయ ముద్రణాలయంలో పనిచేసిన కార్మికులు ఒకప్పుడు నివసించిన పేట అది. ధారావాహిక మొదటి కథ ఇక్కడే జరుగుతుంది. మోర్స్ మనసు పడిన స్త్రీ ఇటువంటి ఒక చిన్న ఇంట్లో శవమై కనిపిస్తుంది. సన్నని సందు చివర నిలబడి అమ్మాయి ఒక ఇంటి తలుపును ఫొటో తీయబోయింది. కిటికీ తెర కొద్దిగా కదిలింది. లోపల మనుషులున్నారు. కథలో మరణించిన స్త్రీ కాదు, మధ్యాహ్న భోజనానికి బంగాళాదుంపలు తరుగుతున్న మనుషులు. అమ్మాయి సిగ్గుపడి చేయి దించింది.

అది మంచి పని. అందరూ అలా దించరు. అమెరికాలోని అల్బుకర్కీ నగరంలో ‘బ్రేకింగ్ బ్యాడ్’ అనే ధారావాహిక 2008 నుండి 2013 వరకు నడిచింది. అందులో నాయకుడు కోపంతో పిజ్జాను తన ఇంటి కప్పు మీదికి విసురుతాడు. అభిమానులు ఆ ఇంటిని వెతుక్కుంటూ వెళ్ళి నిజంగానే పిజ్జాలు విసరడం మొదలుపెట్టారు. ఆ ఇల్లు ఒక కుటుంబానిది. విసిగిపోయిన యజమానులు 2017లో చుట్టూ ఎత్తైన ఇనుప కంచె కట్టుకున్నారు. కావ్యం చదివి లంక మీద దాడికి బయలుదేరినట్లున్నది ఇది.

జెరికో నుండి బోమాంట్ వీధికి వచ్చాం. అక్కడ రాండాల్ఫ్ అనే పాత హోటల్ ఉంది. దానిలోని పానశాలకు మోర్స్ పేరే పెట్టారు. లేని మనిషి పేరు రాతిభవనంలో పలకెక్కింది. అమ్మాయి గుమ్మం దాకా వెళ్ళి, లోపలి ధరల పట్టిక చూసి, చిరునవ్వుతో వెనక్కి వచ్చింది. బ్రాడ్ వీధిలో ఒక మార్గదర్శకురాలి వెంట మరికొందరు అభిమానులతో కలిసి రెండు గంటల నడక మొదలుపెట్టాం. ఆమె పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలు. కంఠం తరగతి గదికి అలవాటుపడినదని వెంటనే తెలిసిపోయింది. ఈ నగరంలో నిజంగా జరిగిన హత్యల కంటె తెరమీద జరిగినవే ఎన్నో రెట్లు ఎక్కువనీ, ఎవరూ జంకనక్కరలేదనీ ఆమె ముందుగానే అభయమిచ్చింది.

ఆమె చెప్పిన వాటిలో చిత్రీకరణ కిటుకులు నాకు నచ్చాయి. మోర్స్ ఒక కళాశాల ద్వారంలో అడుగుపెడతాడు. తరువాతి దృశ్యంలో అతడు నడిచే ప్రాంగణం మరొక కళాశాలది. కథలో పదే పదే వినిపించే లాన్స్‌డేల్ కళాశాల అసలు లేనే లేదు. దానికి రూపమిచ్చింది బ్రేజ్‌నోజ్ కళాశాల. పోలీసు కార్యాలయం లోపలి దృశ్యాలు ఆ ఊళ్ళో తీసినవే కావు. దాదాపు అన్ని కథలలోనూ హంతకుడు ఏదో ఒక గౌరవప్రదమైన సంస్థకు చెందినవాడు కాబట్టి, కల్పిత నామం అందరికీ క్షేమం కూడా. నగరం ఒకటే కానీ, తెరమీది నగరానికి పటం వేరు. మన ప్రబంధకవులు చేసిన పురవర్ణనలు గుర్తుకు వచ్చాయి. ఆ మేడలూ, ఆ కోనేళ్ళూ ఏ ఒక్క పట్టణంలోనూ దొరకవు. కవి వాటిని పది ఊళ్ళ నుండి ఏరి ఒక ఊరు కడతాడు.

షెల్డోనియన్ మందిరం ముందు కొంతసేపు ఆగాం. క్రిస్టఫర్ రెన్ రూపకల్పన చేసిన ఈ కట్టడం 1669లో పూర్తయింది. విశ్వవిద్యాలయం పట్టాలు ప్రదానం చేసే చోటు ఇది. ఒక కథలో ఊరేగింపుగా నడుస్తున్న ప్రముఖుల మీద తుపాకి పేలేది ఈ పరిసరాల్లోనే. అభిమానులందరూ ఆ దృశ్యం గురించి ఉత్సాహంగా మాట్లాడుకుంటున్నారు. నా చూపు మాత్రం వీధి కొసన మూలమీద ఉన్న భవనం మీద పడింది. దాని శిఖరం మీద గాలివాటం చూపే బంగారువన్నె ఏనుగు! పందొమ్మిదవ శతాబ్దంలో మోనియర్ విలియమ్స్ కృషితో భారతీయ విద్యల కోసం నిర్మించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ అది. ఇప్పుడు వేరే సంస్థ ఉంటున్నది. ఆక్స్‌ఫర్డ్‌లో మొట్టమొదటి సంస్కృత ఆచార్యుడుగా 1832లో ఎన్నికైన హోరేస్ హేమన్ విల్సన్, అంతకు చాలా ముందే, 1813లో, మేఘసందేశాన్ని ఆంగ్లంలోకి అనువదించాడు. రామగిరి మబ్బు ఇక్కడిదాకా వచ్చిందన్నమాట. ఈ సంగతి చెబితే మార్గదర్శకురాలు తన పుస్తకంలో రాసుకున్నది.

అక్కడి నుండి రాడ్‌క్లిఫ్ కూడలి చేరుకున్నాం. మధ్యలో గుండ్రని గోపురంతో రాడ్‌క్లిఫ్ కెమెరా ఉంది. విద్యార్థులు ఒక మాట గమనించాలి. ఇక్కడ కెమెరా అంటే ఛాయాచిత్ర యంత్రం కాదు. లాటిన్‌లో ఆ పదానికి కప్పు గల గది అని అర్థం. ‘చీకటి గది’ అనే అర్థం గల లాటిన్ పేరులోని ఆ మాటే తరువాత మన చేతిలోని యంత్రానికి పేరయింది. ఈ కట్టడం 1749 నాటి గ్రంథాలయం. మోర్స్ ఎర్రకారు ఈ రాళ్ళు పరచిన బాట మీద ఎన్నోసార్లు ఆగింది. అభిమానులు ఆ తావులో నిలబడి ఒకరినొకరు ఫొటోలు తీసుకున్నారు.

నేను వారిలో లేను. కూడలికి తూర్పున ఉన్న ఇనుప ద్వారం పట్టుకొని నిలబడి ఉన్నాను. అది ఆల్ సోల్స్ కళాశాల. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1936 నుండి 1952 వరకు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్యమతాలు, నీతిశాస్త్రాల ఆచార్యుడుగా ఉన్నారు. ఈ కళాశాలలో ఆయన సభ్యులు. అంతకు ముందు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. ఆ పచ్చికను, జంట గోపురాలను ఎంతసేపు చూశానో తెలియదు. ఏ మెట్టు మీద నడిచి ఉంటారు, తలపాగా చుట్టుకొని ఏ ద్వారంలోంచి బయటికి వచ్చి ఉంటారు అని ఊహిస్తున్నాను. నా చేయి ఇనుప కడ్డీ మీద ఉంది. భుజం మీద ఎవరో తట్టారు.

“అందరూ ముందుకు వెళ్ళిపోయారు నాన్నా.”

“ఒక్క నిమిషం ఆగు తల్లీ. ఇక్కడ ఆయన నడిచారు.”

అమ్మాయి నవ్వింది. “మీరు చేస్తున్నదీ అదేగా!” అన్నది.

జవాబు దొరకలేదు. పరిశోధన చేసే రోజుల్లో ఒక వేసవి పగలంతా కొండవీటి కోటలో ఒంటరిగా తిరిగాను. శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న చోటు చూడాలని వెళ్ళాను. అక్కడ చూడడానికి ముళ్ళపొదలూ, కూలిన బురుజులూ తప్ప ఏమీ లేవు. మంచినీళ్ళు అయిపోయి, మేకల కాపరి దయతో బతికి బయటపడ్డాను. పరిశోధన గ్రంథానికి ఆ ప్రయాణం వల్ల ఒక్క వాక్యం కూడా రాలేదు. అయినా వెళ్ళాను. శ్రీనాథుడు జీవించినవాడు, మోర్స్ జీవించనివాడు అని వాదించవచ్చు. కానీ ఆ కోటలో నేను వెతికినది చరిత్రలోని శ్రీనాథుణ్ణి కాదు, పద్యాలు చదివి నేను కట్టుకున్న శ్రీనాథుణ్ణి.

బ్రేజ్‌నోజ్ పక్కనున్న సన్నని సందు గుండా టర్ల్ వీధిలోకి వచ్చి ఎక్సెటర్ కళాశాలలో ప్రవేశించాం. ఇది 1314లో స్థాపితమైనది. నలువైపులా రాతిగోడలు, నడుమ పచ్చిక, ఒక పక్కన ఎత్తైన ప్రార్థనామందిరం. చివరి భాగంలో మోర్స్ గుండెపోటుతో కుప్పకూలిన ప్రాంగణం ఇదే. ప్రార్థనామందిరంలోంచి గాయకబృందం గానం వినిపిస్తూండగా ఒంటరిగా నడుస్తూ ఇక్కడ పడిపోతాడు. ఆ రాత్రి ఇంగ్లండులో కోటి మందికి పైగా ఈ దృశ్యం చూశారు. ఆ తరువాత పదిహేను నెలలకే, 2002 ఫిబ్రవరిలో, జాన్ థా కూడా కన్నుమూశాడు. మార్గదర్శకురాలు ఇంతవరకే చెప్పి ఊరుకున్నది. దారంతా మాట్లాడుతూ వచ్చినవాళ్ళు ఒక్కరూ పెదవి కదపలేదు.

మా అమ్మాయి ఏడుస్తున్నది. చప్పుడు లేదు. పచ్చిక అంచున నిలబడి, నాకు కనబడకుండా ముఖం పక్కకు తిప్పుకున్నది. మొదట నాకు కొంచెం చిరాకు కలిగింది. కల్పిత పాత్ర కోసం నలుగురిలో ఇదేమిటి అనిపించింది. ఆ మాట అనకపోవడం నా అదృష్టం.

నడక ముగిశాక ఇద్దరం ఒక బల్ల మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పింది. డిసెంబరులో విశ్వవిద్యాలయం మూసివేశారు. తోటివాళ్ళందరూ ఇళ్ళకు వెళ్ళిపోయారు. సాయంకాలం నాలుగు గంటలకే చీకటి. రోజుల తరబడి ఎవరితోనూ మాట ఉండేది కాదు. అన్నం వండుకోవడం మానేసింది. ఒక రాత్రి ఇంటి యజమానురాలు తలుపు తట్టి, ఒంటరిగా చూడబుద్ధి కావడం లేదు, వచ్చి కూర్చోమన్నది. ఆ రాత్రి పాత ధారావాహికలు తిరిగి ప్రసారం చేసే చానల్‌లో ఈ చివరి భాగమే వచ్చింది. ఆ ముసలామె భర్త కూడా గుండెపోటుతోనే పోయాడట. కథ ముగిసేసరికి ఇద్దరూ ఏడుస్తున్నారు. ఎవరు ఎవరి కోసం ఏడుస్తున్నారో అడుక్కోలేదు.

“ఆ రోజు పగలు విమానం టిక్కెట్టు చూసుకున్నాను నాన్నా. చదువు వదిలేసి వచ్చేద్దామనుకున్నాను. మీకు ఎలా చెప్పాలో తెలియలేదు.”

“మోర్స్ కథ చూసి మనసు మార్చుకున్నావా?”

“అంత పెద్ద సంగతేమీ లేదు. మర్నాటి నుంచి మళ్ళీ మొదటి భాగం వేస్తారని ఆవిడ చెప్పింది. చూద్దామని ఆగాను. అలా రోజుకొకటి చూస్తూ ఉంటే జనవరి వచ్చింది. తరగతులు మొదలయ్యాయి.”

ఇరవై ఏళ్ళకు పైగా నేను కరుణరసం గురించి పాఠం చెబుతున్నాను. కావ్యంలోని దుఃఖం ఒక్కరి దుఃఖంగా మిగలక అందరిదీ అవుతుందనీ, అందువల్లనే సహృదయుడు దాన్ని ఆస్వాదించగలుగుతాడనీ భట్టనాయకుణ్ణీ, అభినవగుప్తుణ్ణీ ఉదాహరించి వివరిస్తాను. పరీక్షలో ఆ ప్రశ్నకు పూర్తి మార్కులు ఎలా వేయాలో నాకు తెలుసు. ఆ డిసెంబరులో అమ్మాయితో ఫోనులో ఏం మాట్లాడానా అని గుర్తు తెచ్చుకున్నాను. భోజనం చేశావా, చలికోటు వేసుకుంటున్నావా, మార్కులు ఎలా వచ్చాయి. ఒకసారి గొంతు బొంగురుగా ఉందని అనుకొని, జలుబుకు మిరియాల కషాయం తాగమన్నాను.

మోర్స్ మొదటి పేరు ఏమిటో ధారావాహికలో చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. 1997లో గాని తెలియలేదు. అతని తండ్రికి కెప్టెన్ కుక్ అంటే ఆరాధన. అందుకని ఆ నావికుడి నౌక పేరు ‘ఎండెవర్’ కొడుకుకు పెట్టాడు. ప్రయత్నం అని దానికి అర్థం. పట్టా లేకుండా వెళ్ళిపోయినవాడికి ఆ పేరు బరువయిందేమో, ఎవరికీ చెప్పుకోలేదు. రైలు కోసం వేచి ఉన్నప్పుడు అమ్మాయి ఈ సంగతి చెప్పింది. అప్పుడు నేను అడగడం మొదలుపెట్టాను. లూయిస్ తరువాత ఏమయ్యాడు? అతని పేరుతో 2006 నుండి 2015 వరకు వేరొక ధారావాహిక వచ్చింది. మోర్స్ యౌవనం కథ? అది ‘ఎండెవర్’ పేరుతో ఇంకా నడుస్తున్నదన్నది. (2023లో అదీ ముగిసింది.) రెడింగ్ వచ్చేదాకా నా ప్రశ్నలు ఆగలేదు.

ఇంటికి చేరేసరికి యజమానురాలు మేలుకొనే ఉంది. కళ్ళజోడు పెట్టుకొని, కాగితం ముందుంచుకొని, పెన్సిలుతో ఒక్కొక్క పేరు పక్కన గుర్తు పెట్టింది. ఊరి బయట నది ఒడ్డున ఉన్న ట్రౌట్ అనే పానశాల మిగిలిపోయింది. పొద్దు చాలలేదని అమ్మాయి సంజాయిషీ చెప్పింది. ఎక్సెటర్ ప్రాంగణం ఫొటోను ఆమె చాలాసేపు చూసి, దాని పక్కన గుర్తు పెట్టకుండానే కాగితం మడిచింది. తరువాత టెలివిజన్ పెట్టింది. నాకు గోడవైపు కుర్చీ చూపించారు. కథ సగంలో ఉంది. మోర్స్ ఎర్రకారు పొద్దున మేము నడిచిన వీధిలోకి తిరిగింది. హంతకుడు ఎవరని అమ్మాయిని మెల్లగా అడిగాను.

“చెప్పను నాన్నా. చూడండి” అన్నది.

అభ్యాసం

ఈ ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
కొండవీటిలో రచయిత వెతికినదానికి, ఆక్స్‌ఫర్డ్‌లో అభిమానులు వెతికినదానికి గల పోలికను మీ మాటల్లో చర్చించండి.
మీరు చూసిన చలనచిత్రంలో గాని, ధారావాహికలో గాని కనిపించిన ఒక స్థలాన్ని స్వయంగా చూసిన అనుభవాన్ని వర్ణించండి.

ఈ ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు రాయండి.
జెరికోలో అమ్మాయి ఫొటో తీయకుండా చేయి ఎందుకు దించింది?
తెరమీది నగరానికి పటం వేరు అని రచయిత ఎందుకన్నారు?

విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి: కరుణరసం, రాతిగోడలు, గాయకబృందం.